మత్తడి పలకలు ఎత్తమన్నదెవరు

అమీర్‌పేట ఓదెలు మేస్త్రికి రాయిని చూస్తే దాని కడుపులో ఏముందో తెలిసిపోయేది. సుత్తితో రెండు దెబ్బలు వేసి, చెవి ఆనించి, "ఇది కమానుకు పనికొస్తది, అది గోడకే" అని తేల్చేసేవాడు. ఒక్కనాడూ తప్పలేదు. కాగితాన్ని అట్లా కొట్టి చూడలేం కదా, అక్కడే అతని కొంప మునిగింది.

పుట్టుకతో అతను రాయి పనివాడు కాదు. తండ్రి కౌలు రైతు. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేసేసరికి ఎద్దులు అమ్ముడుపోయాయి, నాగలి అటకెక్కింది. పెళ్ళీడుకొచ్చిన ఓదెలు సిగ్గు చంపుకుని, పంజాగుట్ట అవతల బండలు పగలగొట్టే చోట తట్ట మోయడానికి చేరాడు. తట్ట మోసినవాడు ఉలి పట్టాడు, గోడ కట్టాడు, ఆ తర్వాత రాళ్ళను విల్లులా వంచి పేర్చే కమాను తిప్పడం నేర్చాడు. నలభై ఏళ్ళు వచ్చేసరికి ఇరవై మందిని పెట్టుకుని పని చేయించే మేస్త్రి అయ్యాడు. ముక్కు మీద కోపం. తిట్టడం మొదలుపెడితే కూలీల తాత ముత్తాతలను కూడా వదిలేవాడు కాదు. మధ్యాహ్నం సద్ది మూట విప్పితే మాత్రం అందరినీ పిలిచి చుట్టూ కూర్చోబెట్టుకునేవాడు. అందుకే ఎన్ని తిట్లు తిన్నా అతన్ని విడిచిపోయినవాళ్ళు తక్కువ.

భార్య వజ్రమ్మది కూడా అదే ఊరు. ఆమె తండ్రి హనుమాండ్లు ఇరవై ఏళ్ళు ఒకరి పొలం కౌలుకు చేసి, చివరికి ఆ పొలాన్నే కొనుక్కున్నాడు. చెరువు కింద నీళ్ళు పారే రెండెకరాల తరి పొలం. కొన్న ఏడాదే కన్నుమూశాడు పాపం, సొంత పంట ఒక్కటే తిన్నాడు. వజ్రమ్మ ఒక్కతే బిడ్డ కాబట్టి పొలం ఆమెకు వచ్చింది. ఆ రెండెకరాలంటే ఆమెకు ప్రాణం అనడం కూడా తక్కువ మాటే. పొద్దున్నే మొహం కడగకముందే గట్టు మీద ఒక చుట్టు తిరిగొచ్చేది. రెండుసార్లు బిడ్డలు పుట్టి పురిట్లోనే పోతే, ఆ రెండుసార్లూ ఇంట్లో కాదు, ఆ గట్టు మీద కూర్చుని ఏడ్చింది.

ఆ పొలానికి నీళ్ళు వదిలేవాడు నీరటి పోచయ్య. యూసుఫ్‌గూడ మనిషి. తూము ఎప్పుడు తీయాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలి అన్నదంతా అతని చేతుల మీద నడిచేది. చెరువు నిండితే మిగులు నీళ్ళు పొర్లిపోవడానికి రాతితో కట్టిన మత్తడి ఉంది. దాని మీద చెక్క పలకలు నిలబెడితే ఇంకో రెండు మూరల నీళ్ళు ఆగుతాయి. ఆ పలకలు వేయడం, ఎత్తడం కూడా పోచయ్య పనే. ఈ చాకిరీకి సర్కారు అతనికి కాస్త మాన్యం ఇచ్చింది. దాని మీదే అతనూ భార్య చిలకమ్మా నలుగురు పిల్లలూ బతికేవాళ్ళు. ఓదెలూ పోచయ్యా చిన్నప్పుడు ఆ చెరువులోనే ఈత నేర్చుకున్నారు. కులాలు వేరైనా నీళ్ళలో దిగాక ఎవరిదేమిటో ఎవరు చూస్తారు?

రెండో పెద్ద లడాయి మొదలైన ఏడాది, పంజాగుట్ట నుంచి అమీర్‌పేట మీదుగా ఎర్రగడ్డ దిక్కు పోయే బాటను వెడల్పు చేయాలని సర్కారు తలపెట్టింది. మధ్యలో పెద్ద వాగు, చెరువు మత్తడి దాటిన నీళ్ళు పారేది అందులోకే. దాని మీద మూడు కమాన్ల వంతెన కట్టాలి. సిమెంటు దొరకని రోజులు, రాయీ సున్నమే గతి. బాటల పని చూసే సడకుల దఫ్తరులో రాతకోతల మున్షీగా ఉన్న తుకారాం ఒకనాడు ఓదెలు ఇంటికే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళు సర్కారే కూలిచ్చి కట్టించుకున్నది, నష్టమొస్తే సర్కారే మోసింది. ఇగ గట్ల నడ్వదు. గుత్తకిస్తున్నరు. రాయి నీది, సున్నం నీది, మనుషులు నీవాళ్ళు. వంతెన నిలబడ్డంక పైసలు. మధ్యల కూలితే మల్ల నువ్వే కట్టాలె. లాభమొస్తే నీది, నష్టమొస్తే సుత నీదే."

"మరి సర్కారుకేముంటదే?"

"వంతెన ఉంటది," అని నవ్వాడు తుకారాం. "జర ధైర్యం చెయ్యి ఓదెలన్నా. ఎన్నేండ్లు ఒకని కింద మేస్త్రిగనే ఉంటవ్? కని జమానతు అడుగుతున్నరు. భూమి కాయిదాలు పెట్టాలె."

ఓదెలుకు భూమి ఎక్కడిది? ఉన్నది వజ్రమ్మ రెండెకరాలే. కమాను తిప్పగల చేతులు ఇరవై ఏళ్ళుగా ఇంకొకడి పేరుతో కట్టిపెడుతున్నాయని లోపల ఎప్పటి నుంచో ఒక బాధ ఉంది. ఆ బాధే అతని చేత ఆ మాట అడిగించింది. వజ్రమ్మ రెండు రోజులు భగభగలాడింది. కూర గిన్నె నేలకేసి కొట్టినట్టు పెట్టింది, పిల్లిని తిట్టింది, పక్కింటావిడ మీద విరుచుకుపడింది. మూడోనాడు పొద్దున ట్రంకు పెట్టె తీసి కాగితాలు అతని ముందు పెట్టింది.

"మా అయ్య భూమి. పోతే నేను బతకను, సక్కగ ఇను. కౌలు కాయిదంల ఆస్మానీసుల్తానీ రాయకుంటే మా అయ్య సంతకం పెట్టకపోతుండె. నువ్వు సుత గది రాయించుకో. రాయనంటే కాయిదాలు మల్ల ఇంటికి తే."

ఆస్మానీసుల్తానీ. ఆమె ఒక్క ఊపిరిలో, ఒక్క మాటగానే అన్నది. ఆ చుట్టుపక్కల రైతులందరూ అట్లాగే అనేవాళ్ళు. వరదకు చేను కొట్టుకుపోయినా ఆస్మానీసుల్తానీ అయిందనేవాళ్ళు, ఫౌజు గుర్రాలు చేలో పడి మేసిపోయినా అదే మాట. మన చేతిలో లేకుండా మన నెత్తిన పడేది ఏదైనా అదే; కౌలు కాగితంలో ఆ మాట ఉంటే ఆ ఏడు కౌలు మాఫీ. అందులో రెండు మాటలున్నాయని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు.

దఫ్తరులో తుకారాం ఉర్దూ కాగితం చదివి ఒక్కొక్క షరతూ తెలుగులో చెప్పాడు. చివరికి వచ్చేసరికి, "కట్టడం పూర్తిగాక ముందు ఆస్మానీ ఆపద వల్ల నష్టమైతే అది సర్కారుది. తక్కిన ఏ నష్టమైనా గుత్తేదారుది," అన్నాడు.

"ఆస్మానీ రాసిండ్రు గద?" అని ఓదెలు మళ్ళీ అడిగాడు.

"రాసిండ్రన్నా. ఇగో." తుకారాం వేలు పెట్టి చూపించాడు.

ఓదెలు ఆ అక్షరాల వంక చూశాడు. అవి నల్ల చీమల బారులా కనిపించాయి. ఇంట్లో వజ్రమ్మను తాను వజ్రి అని పిలిచినట్టు, దఫ్తరువాళ్ళు పొడుగు మాటను పొట్టి చేసి రాసుకున్నారనుకున్నాడు. అంతకన్నా ఎక్కువ ఆలోచిస్తే మున్షీని అనుమానించినట్టు ఉంటుందని మొహమాటపడ్డాడు కూడా. తనకు రాయవచ్చేది సంతకం ఒక్కటే, అది పెట్టేసి తేలిగ్గా బయటికొచ్చాడు. ఇంటికొచ్చి, "రాయించిన," అన్నాడు. వజ్రమ్మ ఆ రాత్రి నిశ్చింతగా పడుకుంది.

పని చలికాలంలోనే మొదలైంది గానీ లడాయి పేరు చెప్పి బొగ్గు దొరకలేదు, సున్నం బట్టీలు ఆగిపోయాయి, బండ్లు అద్దెకు దొరకడం గగనమైంది. ఎండాకాలంలో లేవవలసిన కమాన్లు ఆషాఢం ముంగిట్లో లేచాయి. లేచాయి మరి! మూడు కమాన్లు, ఒక్క రాయికీ వంక లేదు. పంజాగుట్ట నుంచి వచ్చీపోయే బండ్లవాళ్ళు ఆగి చూసి పోయేవాళ్ళు. సున్నం గట్టిపడేదాకా కమాను కింద చెక్క చట్రం ఉండాలి. చట్రం మీదే బరువంతా. ఇంకొక్క వారం ఆగితే చట్రం ఊడదీయవచ్చు, ఆ తర్వాత ఏనుగు ఎక్కినా భయం లేదు.

ఆ వారంలోనే వరద వచ్చింది. అమీర్‌పేటలో తుంపర తప్ప వాన లేదు. పైన, పడమటి గుట్టల మీద రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. మూడోనాడు పొద్దున చెరువు నిండి పలకల అంచు దాకా వచ్చిందని తెలిసి ఓదెలు పరుగున కట్ట మీదకు వెళ్ళాడు. చెరువుల దఫ్తరు దరోగా, అంటే పోచయ్య మీద అధికారి, గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మత్తడి మీద మోకాలి లోతు నీళ్ళలో పోచయ్య ఉన్నాడు. ముగ్గురే ఉన్నారు అక్కడ.

"దరోగా సాబ్, మీ కాల్మొక్త, నాలుగు రోజులు ఆపుండ్రి. కింద నా కమాన్లు పచ్చిగున్నయి," అన్నాడు ఓదెలు.

"నాలుగు రోజులా? నాలుగు గడియలు సుత ఆగదు కట్ట. తెగితే మీ అమీర్‌పేట మొత్తం పోతది," అని దరోగా మత్తడి వైపు తిరిగి అరిచాడు. "పోచయ్యా, పలకలు ఎత్తు!"

పోచయ్య ఎత్తలేదు. నీళ్ళలోంచే చెయ్యి అడ్డంగా ఊపాడు. "సాబ్, జర ఆగుదం. పడమర తెల్లబడుతున్నది. ఒక్కొక్కటి ఎత్తుదం, ఒక్కసారి ఎత్తితే ఓదెలన్న పని మొత్తం పోతది."

"నువ్వు నాకు చెప్తవురా? అన్నీ ఎత్తు! హుకుం!"

పోచయ్య ఓదెలు వంక ఒక్కసారి చూసి, వంగి మొదటి పలక పట్టుకున్నాడు. ఓదెలు అప్పటికే కిందికి పరుగందుకున్నాడు. కూలీలు చట్రం కింద లేకుండా పైకి లాగగలిగాడు, ఆ పుణ్యమైనా దక్కింది. నీళ్ళు ఎర్రగా, ఒక గోడలాగా వచ్చాయి. చెక్కలు విరిగిన చప్పుడు వినిపించింది. నడిమి కమాను మొదట కుంగింది, తర్వాత రెండు పక్కలవీ దాని వెంటే వాగులో కూర్చున్నాయి. అంత పెద్ద మనిషి ఓదెలు ఒడ్డున కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

వజ్రమ్మ మాత్రం ఏడవలేదు. వచ్చి చూసింది, కొంగుతో అతని మొహం తుడిచింది. "లే. మనుషులు బతికిండ్రు గద. ఆస్మానీసుల్తానీ రాయించుకున్నవు గద, ఇగ ఫికర్ ఏంది? సర్కారే ఇస్తది, మల్ల కడ్దువు." ఆ ధైర్యం అతనికి అన్నంలా పనిచేసింది. మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన ధోవతి కట్టుకుని దఫ్తరుకు వెళ్ళాడు.

తుకారాం కాగితం తీసి చూసి నీళ్ళు నమిలాడు. "ఆస్మానీ ఉన్నదన్నా. సుల్తానీ లేదు."

"రెండొక్కటే గద."

"ఒక్కటెట్లయితది? ఆస్మానీ అంటే పైనున్నోడు చేసింది. సుల్తానీ అంటే పాలించేటోడు చేసింది. నీ వంతెన వానకు పోలే. సర్కారు హుకుంతోటి పలకలెత్తితే పోయింది. అది సుల్తానీ. అది రాయలే కాబట్టి నష్టం నీది."

"వానొచ్చింది గదనే? అది దేవుడిచ్చిందే గద?"

"వాన చెరువు మీద పడ్డది. వంతెన మీద హుకుం పడ్డది."

ఓదెలు కాగితం వంక మళ్ళీ చూశాడు. వజ్రమ్మ తండ్రి ఇరవై ఏళ్ళు చెల్లించుకున్న మాట రెండు ముక్కలైంది, ఒక ముక్క ఇంటి దగ్గరే ఉండిపోయింది. "మా దిక్కు ఆ ఇద్దరూ ఒక్కతీర్గనే కొడ్తరు తుకారామన్నా, గందుకే ఒక్కటే మాట అనుకున్న," అన్నాడు.

తుకారాం చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కథ వేరేగా ఉండేది. అతను లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఒక తొవ్వ ఉన్నది. ఎల్లుండి పెద్ద ఇంజినీర్ సాబ్ వాగు కాడికి విచారణకొస్తుండు. హుకుం ఉన్నదంటే సుల్తానీ. హుకుం లేదు, నీరటోడు వానకు జడిసి తనంతట తానే ఎత్తిండంటే, అది వాన చేసిన పని కిందికొస్తది. ఆస్మానీ. నీ భూమి బయటపడ్తది. దరోగా సుత హుకుం ఇయ్యలేదనే అంటుండు. ఎందుకంటే నోటి హుకుం, రాతల లేదు. ఇస్తే ముందుగాల సడకుల దఫ్తరుకు కబురు పెట్టాలె, పెట్టలే. ఆయన నౌకరీ పోతది. ఇంజినీర్ సాబ్‌కు సుత రెండు దఫ్తర్ల కొట్లాట వద్దు. అందరికీ మంచిదే."

"పోచయ్యకు?"

తుకారాం కాగితాలు సర్దుకున్నాడు. "వానికి కాయిదమేమున్నదన్నా?"

ఓదెలు రెండు రోజులు ఇంట్లో ముద్ద మింగలేదు. వజ్రమ్మ, దెబ్బ తిన్న మనిషి కదా అని, ఉల్లిగడ్డ పులుసు చేసి పెట్టి బుజ్జగించింది. నిజం చెబితే ఈ మనిషి గట్టు పోతుంది. పోతే బతకను అన్నది, ఉత్తుత్తి మాటలనే మనిషి కాదు. అబద్ధం చెబితే, తన కోసం నీళ్ళలో నిలబడి దరోగాకు ఎదురు చెప్పినవాడి నోటి దగ్గర కూడు పోతుంది. సుల్తానీ రాయలేదని ఆమెకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. పిరికితనం, ఇంకేం కాదు, చెప్పలేకపోయాడు.

విచారణ నాడు కూలిన కమాన్ల పక్కనే కుర్చీ వేశారు. ఇంజినీర్ సాబ్ ఉర్దూలో అడుగుతుంటే తుకారాం తెలుగు చేస్తున్నాడు. దరోగా, తాను కట్ట చూడడానికి వచ్చానని, హుకుం ఏదీ ఇవ్వలేదని, నీరటి భయపడి తొందరపడ్డాడని గడగడా చెప్పేశాడు. తర్వాత పోచయ్యను పిలిచారు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"సాబే ఎత్తమన్నడు. నేను ఆగుదమన్న. హుకుం అన్నడు, ఎత్తిన," అని చెప్పి, భయం లేకుండా పక్కకు తిరిగాడు. "నా మాటెందుకు? ఓదెలన్నను అడుగుండ్రి. ఆడనే ఉండె, అంత ఇన్నడు."

అతని మొహంలో చిన్న నవ్వు కూడా ఉంది. సాక్షి తనవాడేనని ధీమా.

ఇంజినీర్ సాబ్ ఓదెలు వైపు చూశాడు. ఓదెలు వాగులో పడి ఉన్న రాళ్ళ వంక చూస్తూ, "నాకు... నీళ్ళ చప్పుడుల సక్కగ ఇనబడలే సాబ్," అన్నాడు.

సాబ్ ఏదో అన్నాడు. తుకారాం కళ్ళు దించుకునే తెలుగు చేశాడు. "గట్ల కాదు. సాఫ్ చెప్పాలె. ఇనబడలేదంటే రాసేది కాదు. హుకుం ఇచ్చిండా, ఇయ్యలేదా?"

వాగు అవతల ఎవరివో బర్రెలు మేస్తున్నాయి. ఓదెలుకు వజ్రమ్మ ట్రంకు పెట్టెలోంచి తీసి తన ముందు పెట్టిన ఆ కాగితాలు కళ్ళకు కట్టాయి.

"ఇయ్యలే," అన్నాడు.

"ఓదెలన్నా!" అన్నాడు పోచయ్య. అంతే అన్నాడు. తిట్టలేదు, మీదికి రాలేదు, అరిచి నలుగురిని పిలవలేదు. ఆ పిలుపు తర్వాత తలపాగా చంకలోంచి జారి కింద పడితే దాన్ని తీసుకోవడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు. ఇంజినీర్ సాబ్ రాసుకున్నాడు, దరోగా చెమట తుడుచుకున్నాడు. ఎవరి నెత్తిన ఉండవలసిన బరువు వాళ్ళు చక్కగా దించుకున్నారు. దించుకున్నదంతా పోయి మోకాలి లోతు నీళ్ళలో నిలబడినవాడి మీద పడింది. వాడి దగ్గర, పక్కవాడి మీదకు నెట్టడానికి ఒక్క చీటీ ముక్క కూడా లేదు.

ఏళ్ళ తరబడి కదలని సర్కారు ఈసారి పదిహేను రోజుల్లో కదిలింది. నీరటి పని నుంచి పోచయ్యను తీసేశారు, మాన్యం లాక్కున్నారు. ఓదెలు నష్టం ఆస్మానీ కింద రాసి, మళ్ళీ కట్టడానికి రాయీ సున్నం సర్కారే ఇస్తుందని హుకుం వచ్చింది. జమానతు అక్కరలేదని భూమి కాగితాలు తిరిగి ఇచ్చేశారు. ఓదెలు వాటిని ఇంటికి తెచ్చి వజ్రమ్మ చేతిలో పెట్టాడు. ఆమె కళ్ళకద్దుకుని, "మా అయ్య మాట కాపాడింది," అని మురిసిపోయింది. ఓదెలు పెరట్లోకి వెళ్ళి బావి గిలక పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. పోచయ్య ఇంటి దిక్కు వెళ్ళడానికి అతనికి మొహం చెల్లలేదు.

శ్రావణంలో నాట్లు పడ్డాయి. ప్రతి ఏడూ వజ్రమ్మ పొలంలో నాటు వేసే ఆడవాళ్ళలో చిలకమ్మ ఒకతి. ఈసారి రాదనుకున్నాడు ఓదెలు. వచ్చింది. మాన్యం పోయాక కూలికి రాక ఎక్కడికి పోతుంది? పొద్దుటి నుంచి మిగతావాళ్ళు పాట ఎత్తుకున్నా ఆమె గొంతు కలపలేదు. వజ్రమ్మ పక్కనే నారు పట్టుకుని వంగి నాటుతూ పోయింది. మధ్యాహ్నం ఓదెలు సద్ది తీసుకుని గట్టు మీదకు వచ్చేసరికి వజ్రమ్మ కాళ్ళు కూడా కడుక్కోకుండా ఎదురొచ్చింది.

"చిలకమ్మ ఒక మాట అడిగింది," అన్నది. "'అక్కా, మా ఆయన తనంతట తానే ఎత్తిండని నువ్వు సుత అనుకుంటున్నవా?' అని. నాకేం ఎరుక, జవాబు చెప్పలే. ఏందయ్యా సంగతి?"

ఓదెలు సద్ది మూట కింద పెట్టాడు. ఇంక దాచడానికి అతని దగ్గర బలం మిగలలేదు. తలెత్తకుండా మొత్తం చెప్పాడు. ఆస్మానీ, సుల్తానీ రెండు మాటలనీ, రెండోది రాయలేదనీ, దరోగా అరిచిన అరుపు తాను విన్నాననీ, పోచయ్య తన కోసం ఆగుదామన్నాడనీ, అయినా లేదని చెప్పాననీ.

ఆమె కొడుతుందేమో అనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. వజ్రమ్మ పొలం వంక చూసింది. సగం దాకా పచ్చగా నాటు పడి ఉంది, మిగతా సగం నీళ్ళతో మెరుస్తోంది.

"ఆ మాట మల్ల ఎవ్వల ముందట అనకు," అన్నది చివరికి. "చిలకమ్మ ముందట అసలే అనకు." మళ్ళీ మడిలోకి దిగిపోయింది.

నన్ను తిడుతుంది, కాగితాలు నా మొహాన కొట్టి పోచయ్య దగ్గరికి లాక్కుపోతుంది, అప్పుడైనా నా పాపం కడుక్కుంటాను అని ఓదెలు లోపల ఎక్కడో ఆశపడ్డాడు కాబోలు. ఇప్పుడు ఆ పాపంలో ఆమె కూడా వచ్చి పక్కన కూర్చుంది. తెచ్చి కూర్చోబెట్టింది తానే.

పొద్దు వాలుతుండగా నాటు అయిపోయింది. ఆడవాళ్ళు కాళ్ళు కడుక్కుని గట్టు మీద వరసగా నిలబడ్డారు. వజ్రమ్మ జొన్నల బస్తా మూతి విప్పి, ఒక్కొక్కరి కొంగులో రెండేసి మానికల గింజలు కొలిచి పోస్తోంది. ఓదెలు కాస్త దూరంలో నిలబడి చూస్తున్నాడు. చిలకమ్మ వంతు వచ్చింది. రెండు పోసింది. చెయ్యి ఆగలేదు, మూడోది కూడా ముంచి పోసేసింది.

"రెండే గదక్కా," అన్నది చిలకమ్మ.

"ఉండనీ. పిల్లలున్నరు గద," అన్నది వజ్రమ్మ, ఆమె మొహం వంక చూడకుండా.

చిలకమ్మ కొంగులో గింజల వంక చూసింది. వజ్రమ్మ వంక చూసింది. ఆ చూపు మెల్లగా తిరిగి ఓదెలు దాకా వచ్చి అక్కడ ఆగింది.

"పొద్దుగాల్ల అడిగితే నోరిప్పకపోతివి," అన్నది. "గిప్పుడు ఈ మూడో మానికతోటి చెప్పినవక్కా."

కొంగు విదిలించి మూడు మానికల గింజలూ బస్తాలోనే పోసేసింది, తన రెక్కల కష్టం రెండింటితో సహా. ఒక్క గింజ కూడా కొంగుకు అంటుకోకుండా దులుపుకుంది. ఖాళీ కొంగు నడుముకు దోపుకుని, యూసుఫ్‌గూడ దిక్కు గట్టు వెంట నడిచిపోయింది.

వెనకున్న ఆమె ముందుకు జరిగి కొంగు పట్టింది. వజ్రమ్మ బస్తాలో మానిక ముంచి కొలవడం మొదలుపెట్టింది.